ఓపెనర్లు బట్టీ పట్టినా నిమిషానికే ఎందుకు ఓడిపోతున్నాను?

ప్రశ్న: "అన్నా, గుణుపురం హాస్టల్లో ఉంటాను. ఆన్‌లైన్ టెట్రిస్ గేమ్ అయిన టెట్రియోలో రోజూ ఆడతాను. వీడియోలు చూసి పది దాకా ఓపెనర్లు (ఆట మొదట్లో ముక్కలు పేర్చే అమరికలు) బట్టీ పట్టాను. మొదట్లో పైచేయి నాదే, కానీ నిమిషం తిరక్కుండా బోర్డు నిండిపోయి ఓడిపోతున్నాను. ఏ ఓపెనర్ నేర్చుకుంటే గెలుస్తాను? ఫోర్-వైడ్ మంచిదంటున్నారు, నిజమేనా? మా నెట్ స్లో, దానివల్లేమో అని కూడా అనుమానం. రోలింగ్ కూడా నేర్చుకోవాలా?"

తమ్ముడూ, చివరి రెండు ప్రశ్నలకూ ఎక్కువ చెప్పక్కర్లేదు కాబట్టి ముందు వాటిని తేల్చేస్తాను.

నెట్ గురించి టెన్షన్ వద్దు. టెట్రియోలో గానీ అలాంటిదే అయిన జెస్ట్రిస్‌లో గానీ నీ ముక్క కదలడం, తిరగడం, పడడం అంతా నీ బ్రౌజర్‌లోనే జరిగిపోతుంది. అవతలివాళ్ల దగ్గరికి వెళ్లి రావాల్సింది దాడి మాత్రమే, అంటే వరుసలు తీసినప్పుడు ఎదుటి బోర్డులోకి పంపే చెత్త లైన్లు. వానాకాలంలో మా రాయగడలోనూ నెట్ అంతంత మాత్రమే, అయినా ఆడుతూనే ఉన్నాం. లైన్ పూర్తిగా తెగిపోతే వేరే సంగతి. నాకైతే నీ కీబోర్డు మీదే అనుమానం. చవక కీబోర్డుల్లో మూడు కీలు ఒకేసారి నొక్కితే ఒకదాన్ని మింగేస్తాయి. ఎడమ బాణం, కింది బాణం రెండూ నొక్కి పట్టుకుని తిప్పే కీ నొక్కి చూడు. ముక్క తిరగలేదంటే కీలు మార్చుకో, అక్షరాల కీలకు మారినా పర్వాలేదు.

రోలింగ్ నీకు అక్కర్లేదు. 2023 డిసెంబరులో అమెరికాలోని ఓక్లహోమాకు చెందిన 13 ఏళ్ల విల్లిస్ గిబ్సన్ పాత నింటెండో టెట్రిస్‌ను 157వ లెవెల్ దాకా ఆడి గేమే ఆగిపోయేలా చేశాడు కదా, నువ్వు చూసింది ఆ వీడియోనే అనుకుంటా. ఆ గేమ్‌లో ముక్కను తర్వాతికి దాచుకునే హోల్డ్ లేదు, ముక్కను ఒక్క దెబ్బలో కిందికి దించే హార్డ్ డ్రాప్ లేదు. బాణం నొక్కి పట్టుకుంటే ముక్క వరసగా జరగడం మొదలవడానికి 16 ఫ్రేములు (ఫ్రేమంటే సెకనులో దాదాపు అరవయ్యో వంతు), ఆపైన గడి గడికీ 6 ఫ్రేములు పడుతుంది. 29వ లెవెల్ నుంచి ముక్కలు పడే వేగానికి అది చాలదు. అందుకే కంట్రోలర్ వెనక వేళ్లతో దరువేసే రోలింగ్ పుట్టింది. నీ గేమ్‌లో ఆ ఇబ్బందే లేదు, సెట్టింగ్స్‌లో వేగం మార్చుకుంటే సరిపోతుంది. దాని గురించి చివర్లో చెప్తాను.

ఇక అసలు విషయం. ఇల్లు అలకగానే పండగ కాదు. ఓపెనర్ అంటే మొదటి రెండు బ్యాగులు (బ్యాగంటే ఏడు ముక్కల కట్ట), అంటే 14 ముక్కలు. కాస్త వేగంగా ఆడేవాళ్లకు అది పది సెకన్ల పని కూడా కాదు. నువ్వు పది ఓపెనర్లు నేర్చుకుని ఆ పది సెకన్లనే పది రకాలుగా ఆడుతున్నావు. పదిహేనో ముక్క నుంచి ఏం చేయాలో ఏ వీడియోలోనూ ఉండదు, నువ్వు ఓడిపోతున్నది అక్కడే. అందుకే ఒక్కటంటే ఒక్క ఓపెనర్ తీసుకుని, ఏ ముక్క ఎందుకు అక్కడ పెడుతున్నామో అర్థం చేసుకుని ఆడమంటాను. అది అర్థమైతే మిగతా ఆట కూడా దానితోనే నడుస్తుంది.

ముందు బ్యాగ్ సంగతి చూద్దాం. ఇంగ్లీషు అక్షరాల ఆకారంలో ఉండే ఐ, ఓ, టీ, ఎస్, జెడ్, జే, ఎల్ అనే ఏడు ముక్కలనూ కలిపి ఒక్కోటి ఒక్కసారి ఇచ్చాకే గేమ్ మళ్లీ ఏడింటినీ కలుపుతుంది. చిన్నప్పుడు ఆడిన చేతి వీడియోగేమ్‌లో లాగా పొడుగు కడ్డీ కోసం దేవుడికి దండం పెట్టుకోవాల్సిన పని ఇక్కడ లేదు. ఒక టీ తర్వాత ఇంకో టీ రావడానికి మధ్యలో ఎంత దురదృష్టమైనా 12 ముక్కలే అడ్డం వస్తాయి. ఎస్, జెడ్‌లు వరసగా నాలుగుకు మించి రావు.

ఇది అందరికీ తెలిసిందే. దీన్ని వాడుకునేవాళ్లే తక్కువ. మొదలయ్యేటప్పుడు చేతిలో ఒక ముక్క, పక్కన ఐదు ముక్కలు కనిపిస్తాయి. మొత్తం ఆరు. కనిపించనిదే ఏడోది. అంటే ఒక్క ముక్క కూడా పడకముందే మొదటి బ్యాగంతా నీకు తెలిసిపోయినట్టే. మా నెట్ సెంటర్‌కు వచ్చే కుర్రాళ్లకు నేను మొదట చేయించే పని ఇదే. స్క్రీన్ మీద బోర్డు కనపడకుండా కాగితం అడ్డం పెట్టి, పక్కనున్న ముక్కలు మాత్రం చూపించి "ఏడోది ఏది?" అంటాను. పర్లాకిమిడి నుంచి వచ్చే ఒకడైతే మొదట్లో వేళ్లు మడుస్తూ లెక్కపెట్టేవాడు, పక్కనున్న ఒడియా కుర్రాళ్లు ఆటపట్టించేవాళ్లు. ఇప్పుడు నేను కాగితం సర్దేలోపే చెప్పేస్తున్నాడు. ఈ అలవాటు లేకుండా ఓపెనర్ నేర్చుకోవడం ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టే.

ఇప్పుడు ఓపెనర్. నీకు నేను చెప్పేది టీకేఐ అనే ఓపెనర్ తరహా. మొదటి బ్యాగులోనే ఒక టీ-స్పిన్ డబుల్ (టీని తిప్పి సందులోకి దూర్చి రెండు వరుసలు తీయడం) వస్తుంది, దాని వెనక ఆలోచన కూడా కంటికి కనపడుతుంది. నిలువు గడులకు ఎడమ నుంచి 1 నుంచి 10 దాకా నంబర్లు వేసుకో.

ఐ ముక్కను అడుగున పడుకోబెట్టు, 6 నుంచి 9 దాకా. ఎస్‌ను నిలబెట్టి కుడి గోడకు ఆనించు. దాని కింది కొస 10లో నేలను తాకుతుంది, పై కొస 9లో మూడో వరుస దాకా లేస్తుంది. జెడ్‌ను పడుకోబెట్టినట్టే ఐ మీద దించు. దాని కింది రెండు గడులు 7, 8లో కూర్చుంటాయి, పై రెండు 6, 7లో ఉంటాయి. చూశావా, 6లో జెడ్ కింద ఒక గడి ఖాళీగా ఉండిపోయింది. ఇంటికి చూరు ఉన్నట్టు జెడ్ దాని మీద వాలి ఉంది. అది తప్పు కాదు, మనక్కావలసింది అదే. తర్వాత జేను తలకిందులుగా తిప్పి 6, 7, 8 మీద పెట్టు. దాని ముక్కు 8లో ఉన్న పల్లంలోకి సరిగ్గా దిగుతుంది. ఎడమవైపు ఓను 1, 2లో పెట్టి, ఎల్‌ను 3లో నిలబెట్టు. ఎల్ పాదం 4లో నేల మీద ఉండాలి.

ఇప్పుడు అడుగు వరుసలో 5 ఒక్కటే ఖాళీ. రెండో వరుసలో 4, 5, 6 ఖాళీ. అది తలకిందులైన టీ ఆకారం. టీ ముక్కను ముక్కు ఎడమకు ఉండేలా తిప్పి 4, 5ల మీదుగా నేల దాకా మెల్లగా దించు, హార్డ్ డ్రాప్ కొట్టకు. నేలను తాకాక ఒక్కసారి అపసవ్యంగా, అంటే గడియారం ముల్లుకు ఎదురుదిశలో తిప్పు. ముక్కు కిందికి తిరుగుతుంది, కుడి రెక్క చూరు కిందికి దూరుతుంది, రెండు వరుసలూ పోతాయి. టీ మధ్య గడికి నాలుగు మూలల్లో మూడు నిండి ఉంటే గేమ్ దాన్ని టీ-స్పిన్‌గా లెక్కిస్తుంది. ఇక్కడ కింది మూలలు రెండూ, చూరు ఉన్న పై మూలా నిండాయి. గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే: టీ ముక్కు తెరిచి ఉన్న వైపుకు పెట్టుకుని దిగాలి, చూరు ఉన్న వైపుకు రెక్క దూరేలా తిప్పాలి. చూరు ఎడమవైపు ఉంటే అంతా తిరగేసి చెయ్యి.

దీనికి దాడి 4 లైన్లు. ఐతో నాలుగు వరుసలు ఒకేసారి తీసే మామూలు టెట్రిస్‌కు కూడా అంతే, కానీ దానికి నాలుగు వరుసలు ఖర్చవుతాయి, దీనికి రెండే. మామూలు డబుల్‌కైతే 1 లైను. ఇవి మొదటి నుంచీ ఉన్న లెక్కలు. ఒక్కో గేమ్ కొంచెం కొంచెం మారుస్తూ ఉంటుంది కాబట్టి నువ్వు ఆడే దాంట్లో పట్టిక ఒకసారి చూసుకో.

ముక్కలు వచ్చే వరస కుదరకపోతే? బట్టీ పట్టినవాడు ఇక్కడే తడబడతాడు. పై అమరికలో నిజంగా ముఖ్యమైన షరతులు మూడే. ఎస్ కంటే ముందు ఐ పడాలి, జెడ్ కంటే ముందు ఐ పడాలి, జే కంటే ముందు జెడ్ పడాలి. ఓ, ఎల్ ఎప్పుడొచ్చినా పర్వాలేదు. టీ ముందే వస్తే హోల్డ్‌లో పడేయాలి, అప్పుడు హోల్డ్ ఇంక ఖాళీ ఉండదు. జే, జెడ్ కంటే ముందే వచ్చేస్తోందనుకో, బోర్డును అద్దంలో చూసినట్టు తిప్పి కట్టు. అప్పుడు జెడ్ చోటు ఎస్‌ది, జే చోటు ఎల్‌ది అవుతుంది, కాబట్టి ఎల్ కంటే ముందు ఎస్ వస్తే చాలు. ఐ మరీ చివర్లో ఉంటే మాత్రం ఈ ఓపెనర్‌ను మొండిగా పట్టుకుని వేలాడకు, శుభ్రంగా చదునుగా పేర్చుకుని రెండో బ్యాగులో టీ-స్లాట్ (టీ తిరిగి దూరే సందు) కట్టుకో. మొదటి ముక్క పడకముందే ఏడూ తెలిసినవాడికి ఈ నిర్ణయం రెండు సెకన్ల పని. కాగితం అడ్డం పెట్టించేది అందుకే.

టీ-స్పిన్ అయ్యాక బోర్డులో మిగిలేది 8 గడులు: అడుగున 3, 6, 7, 8, 9, వాటి మీద 6, 7, 8. ఎక్కడా కప్పేసిన కంత లేదు. 4, 5లో ఓ సరిపోతుంది, 1, 2లో కూడా సరిపోతుంది. ఓపెనర్ ఎంత మంచిదో నేను చూసేది ఇక్కడే: దాడి అయ్యాక ఏం మిగిల్చింది అని.

ఈ కొలతతో మిగతావి చూస్తే, డీటీ కానన్ అనే ఓపెనర్ రెండు బ్యాగుల్లో ఒక టీ-స్పిన్ డబుల్, ఆ వెంటనే ఒక టీ-స్పిన్ ట్రిపుల్ (మూడు వరుసలు) ఇస్తుంది. ట్రిపుల్‌కు 6, బ్యాక్-టు-బ్యాక్ (మధ్యలో మామూలు క్లియర్ లేకుండా టీ-స్పిన్లు, టెట్రిస్‌లే వెంట వెంట కొట్టడం) కాబట్టి ఇంకో 1, డబుల్‌కు 4, వెరసి 11. సీ-స్పిన్ అనే ఇంకో ఓపెనర్ ట్రిపుల్‌తో మొదలై డబుల్‌తో ముగుస్తుంది, దానికీ అంతే. టీ-స్పిన్ ట్రిపుల్‌లో టీ ముక్క ఒక గడి పక్కకు, రెండు గడులు కిందికి ఎగిరి దూరుతుంది. తిప్పినప్పుడు చోటు లేకపోతే గేమ్ వరసగా ఐదు చోట్లు ప్రయత్నిస్తుంది, ఇది అందులో ఐదోది. చూడ్డానికి మాయలా ఉంటుంది, అందుకే వీడియోలన్నీ దాని మీదే. కానీ అవతలివాడు ముందే నాలుగు లైన్లు పంపితే కట్టిన కానన్ అలాగే ఉండిపోతుంది. టీకేఐ నీకు నిద్రలో కూడా వచ్చేదాకా వాటి జోలికి వెళ్లకు.

బోర్డు మొత్తం ఖాళీ చేసే పర్ఫెక్ట్ క్లియర్ ఓపెనర్ సంగతి వేరు. నాలుగు వరుసలంటే 40 గడులు, అంటే సరిగ్గా 10 ముక్కలు. మొదటి బ్యాగు, రెండో దాంట్లో మూడు. చదరంగం బల్లలా నలుపు తెలుపు గళ్లు వేసుకుని చూస్తే టీ తప్ప ప్రతి ముక్కా రెండు నలుపు, రెండు తెలుపు కప్పుతుంది. టీ ఒక్కటే మూడూ ఒకటీ. మధ్యలో ఏ వరుసా పోకుండా నాలుగూ ఒకేసారి పోవాలంటే టీలు సరిసంఖ్యలో ఉండక తప్పదు. టీ ఒక్కటే ఉంటే మధ్యలో ఒక వరుస తీసేసి లెక్క మార్చాలి. ఈ లెక్కలంటే ఇష్టముంటే నేర్చుకో, చాలా సరదాగా ఉంటుంది. పాత పట్టికలో పర్ఫెక్ట్ క్లియర్‌కు 10 లైన్లు. కుదరకపోతే మాత్రం దాడి లేదు, టీ-స్లాట్ లేదు, ఎగుడుదిగుడు కుప్ప మిగులుతుంది. నీ స్థాయిలో ఆ కుప్పే ఎక్కువసార్లు మిగులుతుంది.

ఫోర్-వైడ్ గురించి మొహమాటం లేకుండా చెప్తాను. నాలుగు గడుల వెడల్పు సందు వదిలి, రెండు పక్కలా గోడలు లేపి, ఆ సందులో ముక్క ముక్కకీ ఒక వరుస తీస్తూ కాంబో కొట్టడం ఇది. ప్రతి ముక్కా నాలుగు గడులు తెస్తుంది, పోయే ప్రతి వరుసా ఆ సందులోంచి నాలుగు గడులే తీసుకెళ్తుంది. అందుకే మొదట్లో అడుగున మూడు గడులు ఉంచితే ఎంతసేపైనా మూడే మిగులుతాయి. ఆ మూడు గడుల రూపాన్ని బట్టి తర్వాతి ముక్క ఎటు వెయ్యాలో వచ్చేస్తే చాలు. కిందిస్థాయి రూముల్లో దీంతో గెలుపులు వస్తాయి, కాదనను. కానీ గోడలు లేచేదాకా నువ్వు దాడి చేయవు, బోర్డు సగానికి పైగా నిండి ఉంటుంది. టీకేఐ తెలిసినవాడు ముందే నాలుగు లైన్లు పంపి, వెంటనే ఇంకో ఐదు పంపితే నీ గోడలే నీ నెత్తిన పడతాయి. పైగా దాంట్లో నేర్చుకున్నది ఆటలో ఇంకెక్కడా పనికిరాదు. ఆ మూడు గడుల కాంబోను గార్బేజ్‌లో (అవతలివాడు పంపిన చెత్త వరుసల్లో) కిందికి తవ్వేటప్పుడు వాడుకోవడానికి నేర్చుకో, ఓపెనర్‌గా వద్దు.

ఇక పదిహేనో ముక్క తర్వాత. ఇక్కడ ఒక లెక్క చూడు. ఒక బ్యాగంటే 28 గడులు. టీ-స్పిన్ డబుల్ 20 గడులు తీసేస్తుంది. మిగిలేవి 8. బ్యాగుకొకటి చొప్పున డబుల్ కొడుతూ పోతే ఐదు బ్యాగులకు 40 గడులు పైన పేరుకుంటాయి, అంటే సరిగ్గా ఒక టెట్రిస్. బ్యాక్-టు-బ్యాక్ తెగకపోతే ఒక్కో డబుల్‌కు 5, టెట్రిస్‌కు 5, వెరసి 35 ముక్కలకు 30 లైన్ల దాడి. అవే 35 ముక్కలతో టెట్రిస్‌లు మాత్రమే కొడితే మూడున్నర టెట్రిస్‌లు, 18 లైన్లు దాటవు. కాగితం మీద ఉన్నంత సులువు కాదు గానీ, ఎటు వెళ్లాలో ఈ లెక్క చెప్తుంది. ప్రతి బ్యాగులో ఒక టీ వస్తుంది, దాన్ని మామూలుగా పేర్చేసిన ప్రతిసారీ ఐదు లైన్లు చేజారినట్టే. కాబట్టి ఒక టీ-స్పిన్ అవుతుండగానే తర్వాతి స్లాట్ ఎక్కడ అన్నది నీ కంటికి కనపడాలి. చూరుకు ఎస్, జెడ్, ఎల్, జే ఏదైనా పనికొస్తుంది. ఓతో కట్టడం కష్టం, ఐతో కడితే తీసేటప్పుడు ఏడుపొస్తుంది.

నువ్వు నిమిషానికి నిండిపోవడానికి రెండో కారణం గార్బేజ్ అనుకుంటున్నాను. పక్కన ఎర్రగా లేచే గీతను చూస్తూ ఆడు. నువ్వు పంపే దాడి ముందు నీ మీదికి వస్తున్నదాన్ని కొట్టేస్తుంది, మిగిలిందే అవతలికి వెళ్తుంది. ఇంకోటి, వరుస తీసిన ముక్కతో గార్బేజ్ లోపలికి రాదు. ఏ వరుసా తీయకుండా ముక్క పెట్టినప్పుడే వస్తుంది. నాలుగు లైన్లు ఎదురుగా ఉన్నాయి, టీ-స్లాట్ సిద్ధంగా ఉంది, హోల్డ్‌లో టీ ఉంది అనుకో. కొట్టేస్తే ఆ నాలుగూ పోయి, బ్యాక్-టు-బ్యాక్ ఉంటే ఒకటి అవతలికి కూడా వెళ్తుంది. చాలామంది ఆ సమయంలో కంగారుపడి సింగిల్స్ (ఒక్కో వరుస) తీసుకుంటూ కూర్చుంటారు, బ్యాక్-టు-బ్యాక్ తెగిపోతుంది. అలాగని గార్బేజ్ రానప్పుడు టీని మరీ దాచుకోకు. తర్వాతి టీ 12 ముక్కల తర్వాత రావచ్చు.

గార్బేజ్ కంత ఒకే నిలువులో ఉంటే దాని మీద ఏదీ కప్పకుండా కింది దాకా తవ్వి టెట్రిస్ కొట్టు. కంతలు చెల్లాచెదురుగా ఉంటే పైన అందంగా కట్టుకోవడం మానేసి ముందు దిగు. నీలాంటివాళ్లు ఇక్కడ కూడా టీ-స్పిన్ కోసం వెతుకుతారు. ఎనిమిది వరుసల గార్బేజ్ మీద చూరు కట్టడం నాకు ఇప్పటికీ అర్థం కాని సరదా.

చివరిగా సెట్టింగ్స్. టెట్రియోలో మామూలుగా ఉండే డీఏఎస్ (కీ పట్టుకున్నాక ముక్క వరసగా జరగడం మొదలయ్యే ముందు ఆలస్యం) 10 ఫ్రేములు, ఏఆర్ఆర్ (ఆపైన గడి గడికీ పట్టే సమయం) 2 ఫ్రేములు. ఏఆర్ఆర్‌ను 0 చెయ్యి, ముక్క గోడకు ఒక్కసారిగా అతుక్కుంటుంది. డీఏఎస్‌ను 8కి తగ్గించి, చెయ్యి అలవాటు పడ్డాక 7 చూడు. అంతకంటే తగ్గిస్తే ఒక గడి జరపబోయి గోడకు వెళ్లిపోతుంది. దానితోపాటు ఫినెస్, అంటే తక్కువ నొక్కులతో ముక్కను చోటుకు చేర్చడం, నేర్చుకో. మూడు గడుల వెడల్పున్న ముక్కలు 4, 5, 6లో పుడతాయి. దాన్ని 7, 8, 9లో పెట్టాలంటే నువ్వు కుడి బాణం మూడుసార్లు కొడుతున్నావనుకుంటా. గోడ దాకా పట్టుకుని ఒకసారి ఎడమకు కొడితే రెండు నొక్కులే. 40 లైన్లు ఎంత త్వరగా తీస్తావో చూసే స్ప్రింట్‌లో 100 ముక్కలుంటాయి, ముక్కకో నొక్కు మిగిలినా ఎంత తేడా వస్తుందో నువ్వే చూడు.

ప్రాక్టీస్‌కు పెద్ద ప్లాన్ అక్కర్లేదు. పై ఓపెనర్‌ను రెండు వైపులా ఒంటరిగా కట్టు, వరస కుదరకపోతే వెంటనే రీస్టార్ట్ కొట్టకుండా అక్కడి నుంచే ఆడు. మ్యాచ్ ఓడిపోతే రీప్లేలో 14వ ముక్క దగ్గర ఆపి, తర్వాతి టీ ఎక్కడ పెట్టొచ్చో వెతుకు, ఆ తర్వాత నువ్వు ఎక్కడ పెట్టావో చూడు. సెలవులకు రాయగడ వైపు వస్తే సెంటర్‌కు రా, ఆదివారం సాయంత్రాలు ఐదారుగురు ఉంటారు, ప్రైవేట్ రూమ్ పెట్టుకుందాం. కీబోర్డు మాత్రం నీది తెచ్చుకో. మా వాటిలో సగానికి స్పేస్ బార్ అరిగిపోయింది.